పాలకి అరగంట

మా సైన్సు టీచరమ్మకి ఒక అలవాటు ఉంది. తెల్లారేసరికి మా బడి వాట్సాప్ గ్రూపులో ఒక మంచిమాట పడేయకపోతే ఆవిడకి కాఫీ దిగదు. సంతోషంగా బతకాలంటే రోజూ చిన్న చిన్న అలవాట్లు చేసుకోవాలట. ఐదింటికల్లా లేవాలట. ఒంటరిగా ఒకేచోట కాసేపు కూర్చోవాలట. ఊపిరి మీద ధ్యాస పెట్టాలట. చదివినప్పుడల్లా నాలో నేను నవ్వుకునేదాన్ని. ఈ మూడూ నేను ఇరవై ఆరేళ్లుగా ఒక్కపూట తప్పకుండా చేస్తూనే ఉండేదాన్ని. శ్రీకాకుళంలో మా ఇంటి దొడ్లో, బట్టలుతికే రాయి మీద, తెల్లవారుజామున ఐదింటికి, ఒంటరిగా, ఊపిరి మీదే ధ్యాస పెట్టి చుట్ట కాల్చేదాన్ని.

మామూలు చుట్ట కాదు, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోకి తిప్పుకుని, చల్లటి కొస బయటికి పెట్టుకుని పీల్చడం. మా వైపువాళ్లు ఇది చదివితే ఆశ్చర్యపోరు. మిగతావాళ్లు నోరెళ్లబెడతారని తెలుసు. కళింగపట్నం దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. వానలో వంగి ఊడుపులు ఊడుస్తున్నా తడవదు. చంకలో పిల్ల మీద నిప్పురవ్వ పడదు. అన్నిటికన్నా ముఖ్యం, దూరం నుంచి చూసేవాడికి నిప్పు కనబడదు. కావలసినవాళ్లకి కూడా కనబడకుండా కాల్చుకోవచ్చని నాకు తర్వాత అర్థమైంది.

నేర్పింది మా అమ్మమ్మ. కావాలని కాదు. "ఒసే గుంటా, పొయ్యికాడ ముట్టించి తేయే" అనేది. చుట్ట ముట్టించాలంటే రెండు దమ్ములు లాగాలి కదా. ఆ రెండు దమ్ములతో మొదలైంది. చదువుకున్నాను, టీచరునయ్యాను, ఆ అమ్మమ్మ మనవడినే, అంటే మా మేనమామ కొడుకునే చేసుకున్నాను. నాకు అమ్మమ్మ, మా బావకి నానమ్మ, మనిషి ఒక్కతే. ఆవిడ ఇచ్చిన ఆస్తి మాత్రం నా ఒక్కదానికే దక్కింది.

దాని కోసం నేను పడ్డ తిప్పలు చెబితే బడిపిల్లలు కూడా నవ్వుతారు. మా వీధిలో కొనేదాన్ని కాదు. బస్టాండు దాటి వెళ్లి, ముక్కుదాకా పమిట కప్పుకుని, "మా నాన్నకి" అని చెప్పి కొనేదాన్ని. మా నాన్న పోయి పదకొండేళ్లయింది. బతికున్నన్నాళ్లూ చుట్ట ముట్టని మనిషికి పోయాక ఈ అపవాదు వచ్చింది. కాల్చాక లవంగం నమలడం, పళ్లు రెండుసార్లు తోమడం, వంటింట్లో అగరొత్తి వెలిగించడం, ఇదంతా మా బావ పాలకి వెళ్లి వచ్చేలోపు అయిపోవాలి. అదృష్టవశాత్తూ ఆయన అంత నిదానస్తుడు ఉమ్మడి జిల్లాలో లేడు. పాలబూత్ మా వీధి చివరే. ఆయనకి మాత్రం అరగంట పడుతుంది. "పాలు తెమ్మంటే గేదె ఈనేదాకా కూర్చుని వస్తన్నావా బావా?" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. నవ్వి ఊరుకునేవాడు.

కిందటేడు వేసవి సెలవుల్లో ఒకరోజు నాలుక పైకి పెడితే అంగిలి గరుకుగా తగిలింది. చిన్న టార్చి వేసుకుని, మెడ వెనక్కి వంచి, చేతద్దంలో చూసుకున్నాను. సున్నం వేసిన గోడ మీద ఎర్రచీమలు పాకినట్టు, తెల్లటి మచ్చ, దాని మీద ఎర్రటి చుక్కలు. అక్కడే బాత్రూం గచ్చు మీద కూర్చుండిపోయాను. ఎందుకంటే అలాంటి నోటిని నేను ఇదివరకే ఒకసారి చూశాను.

అమ్మమ్మకి చివరి రోజుల్లో మంచం పక్కన గిన్నె పెట్టేవాళ్లు. గంజి పోస్తే ముక్కులోంచి వచ్చేసేది. అంగిలికి కన్నం పడిందని పెద్దవాళ్లు చెప్పుకోవడం విన్నాను. జబ్బుకి పేరు లేదు, నోటిపుండు అన్నారంతే. ఆవిడ మాట్లాడితే ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఊళ్లోకెల్లా గట్టి గొంతు ఆవిడది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసి పారిపోయేదాన్ని. అప్పటి నా భయం నలభై ఏళ్ల తర్వాత నా నోట్లోకే వచ్చి కూర్చుంది.

మీరైతే ఆ క్షణమే చుట్ట విసిరికొడతారు. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు ఐదింటికి రాయి మీద కూర్చుని, భయం తగ్గాలని ఒకటి ముట్టించాను. భయం వేస్తే చుట్ట కావాలి, చుట్ట కాలిస్తే భయం వేస్తుంది. కుడితిలో పడ్డ ఎలుక గతి.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అక్కడ కాగితం నింపే కుర్రాడు పదిమంది మధ్యలో గట్టిగా అడుగుతున్నాడు. షుగరుందా, బీపీ ఉందా. నా పక్క కుర్చీలో మా తొమ్మిదో తరగతి పిల్లాడి తల్లి కూర్చుని ఉంది. "పొగ తాగే అలవాటుందా?" అని చదివి, వాడే నవ్వేసి, "మీకెందుకుంటాది లెండి మేడమ్" అని లేదు దగ్గర టిక్కు పెట్టేశాడు. నేను నోరు విప్పలేదు. నాకు నేను చెప్పుకున్న సమర్థింపు ఏమిటంటే, మా వైపు ఏ ఆడదీ పొగ తాగదు. పొగ తాగేది కిళ్లీ కొట్టు దగ్గర మగాళ్లు. మాది అడ్డపొగ. ఆ కాగితం మీద ఆ మాట లేదు కదా! తెలుగు పాఠాలు చెప్పే దాన్ని, ఒక మాట చాటున దాక్కున్నాను.

కాగితాన్ని నమ్మిన డాక్టరు, టీ వేడి తగ్గించమన్నాడు, కారం మానమన్నాడు, రాసుకోవడానికి మందు ఇచ్చాడు. మందు రాసుకుని, ఆ మందు మీదే చుట్ట కాల్చేదాన్ని. రెండు నెలలు అలా గడిచాయి. రోజుకి నాలుగుసార్లు, ఐదుసార్లు, బళ్లో కూడా బాత్రూం తలుపు వేసుకుని టార్చి వేసి చూసుకునేదాన్ని. అదీ ఒక అలవాటైపోయింది. చుట్ట కన్నా అదే ఎక్కువ పీల్చేసింది నన్ను. అన్నం సయించడం మానేసింది. మంటగా ఉన్నా ఎవరితో అనలేను. దొంగకి తేలు కుట్టినట్టు ఉండేది నా పని.

శ్రావణమాసంలో మా బడికి పిల్లల పళ్లు చూడ్డానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. నా కూతురి వయసు. పిల్లలందరినీ చూశాక, "టీచర్లు కూడా రండి, ఊరికే చూస్తాను" అంది. నేను జారుకోబోతుంటే మా సైన్సు టీచరమ్మే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ మంచిమాటలన్నిటిలోకీ నాకు పనికొచ్చింది ఆ ఒక్క లాగుడే.

ఆ పిల్ల నా నోట్లోకి రెండుసార్లు చూసింది. అందరినీ బయటికి పంపింది. తలుపు దగ్గరగా వేసి, అంతవరకూ పుస్తకంలా మాట్లాడిన పిల్ల, మా వైపు మాటలోకి దిగి, మెల్లిగా అడిగింది.

"లోపలికి తిప్పి కాలుస్తావేటమ్మా?"

పొగ తాగుతారా అని అడిగుంటే ఈసారి కూడా లేదనేదాన్ని. అలా అడిగేసరికి దాక్కోవడానికి మాట లేకపోయింది. తలూపాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"మా మామ్మా కాల్సీది. అందుకే తెలిసినాది," అంది. "సూడమ్మా, ముక్క తీసి పరీక్షకి పంపాలి. ఏటనేది అది సెప్తాది, నాను సెప్పలేను. కాని సుట్ట మానాలి. తప్పదు."

"మానలేకపోతన్నానమ్మా."

"ఇంక జన్మలో ముట్టుకోనని ఒట్టెట్టకు. ఒట్టెట్టినోలు నాలుగోనాడు రెండు కాలుస్తారు. నువ్వు ఏ టయానికి, ఏకాడ కాలుస్తావు? ఐదింటికా, దొడ్లో రాయి మీదా? ఐదింటికి నువ్వు ఆ రాయి మీద ఉండకు. అంతే. ఆ పావుగంట ఇంకోకాడ ఉండు. రోజుకి అదొక్కటే పని."

ఆసుపత్రిలో ముక్క తీశారు. గోటి కొనంత ముక్క. ఫలితానికి పది రోజులు పడుతుందన్నారు. ఇంట్లో పన్ను పీకించుకున్నానని అబద్ధం చెప్పాను. మా బావ ఏ పన్ను అని కూడా అడగలేదు. జావ కాచి పెట్టాడు. ఆ జావ చూడగానే నాకు అమ్మమ్మ గిన్నె గుర్తొచ్చి చెంచా ఎత్తలేకపోయాను.

ఐదింటికి రాయి మీద ఉండకూడదు. ఎంత చిన్న మాట! మొదటిరోజు వీధి గుమ్మంలో ముగ్గు వేశాను. చుక్క ఒకచోట, గీత ఒకచోట. రెండోరోజు సోంపు నములుతూ డాబా మీద తిరిగాను. మూడోరోజు బీరువా మొత్తం దించి చీరలు మళ్లీ మడతపెట్టాను. గ్రూపులో ఆ మంచిమాటలు చదివి సంతోషంగా ఉన్నామని రాసేవాళ్ల మీద నాకు అంత మంట ఎప్పుడూ రాలేదు. నాకు సంతోషం అక్కర్లేదు, గంజి మింగగలిగితే చాలు. ఐదోరోజు దాకా లాక్కొచ్చాను. ఆరోరోజు తెల్లవారుజామున ఒక ఆలోచన వచ్చింది. ఫలితం ఈపాటికే ఎక్కడో కాగితం మీద రాసే ఉంటుంది, నేనిప్పుడు మానితే ఎంత, మానకపోతే ఎంత! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పుడకల దాకా వచ్చాక ఇంకా బుద్ధితో పనేముంది అనిపించింది.

మా బావ పాలకి వెళ్లాడు. సన్నగా తుంపర. చూరు కింద నిలబడి ముట్టించి, తిప్పి నోట్లో పెట్టుకున్నాను. మానిపోని గాయం మీద వేడి తగిలి కళ్లలోంచి నీళ్లు కారాయి. అయినా పీలుస్తున్నాను.

అప్పుడు దొడ్డితలుపు తెరుచుకుంది. గొడుగు కోసం వెనక్కొచ్చాడు. తలుపు వెనక మేకుకి ఉంటుంది గొడుగు.

గభాలున నోరు మూసేశాను. చుట్ట మొత్తం నోట్లోనే. లోపల కాలుతోంది. మాట్లాడలేను, ఉమ్మలేను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఎదుట మాట పడిపోయింది అదే మొదటిసారి. ఆయన గొడుగు అందుకున్నాడు. నా వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి అన్నాడు.

"ఉమ్మీయే ముందు. నోరు కాల్తాది."

ఉమ్మేశాను. తుంపరలో చుయ్యిమంది.

"నీకు..." అన్నాను.

"పాలకి అరగంట ఎవుడికి పడతాదే?" అన్నాడు.

బూత్‌లో పాలు తీసుకుని పాతబ్రిడ్జి దాకా నడిచి, నాగావళి చూస్తూ నిలబడి, గడియారం చూసుకుని వెనక్కి వచ్చేవాడట. ఎండాకాలం, వానాకాలం, జ్వరం వచ్చినా. నేను గేదె ఈనిందా అని ఎగతాళి చేసిన ప్రతిరోజూ.

నాకు కృతజ్ఞత రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలిసి ఇన్నేల్లు ఊరుకున్నావా? ఒక్కమాట అనలేకపోయావా? నాను సచ్చిపోతే పాలు ఎవుడి కోసం తెస్తావు?" వీధి వీధంతా వినబడేలా అరిచాను. నోట్లో రక్తం ఊరింది. ఆ అరుపులోనే ముక్క తీసిన సంగతి, మచ్చ సంగతి, పన్ను అబద్ధం సంగతి అన్నీ బయటపడ్డాయి.

ఆయన తడిరాయి మీద కూలబడ్డాడు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. ముఖంలో నెత్తురు లేదు. గొడుగు కొస నేలకి ఆనించి అన్నాడు.

"నానమ్మకి గంజి పోసింది నానే కదే. మీరందరూ గుమ్మంకాడే ఉండిపోయేవోరు. ముక్కులోంచి వస్తే తుడిసీవోన్ని. రోజూ పొద్దున్న నిన్ను దొడ్లో ఒగ్గేసి ఎల్తన్నప్పుడు అదే గుర్తొచ్చీది. నానేటైనా అంటే మానవు, ఇంకెక్కడికో పోయి దాక్కుని కాలుస్తావు. ఇక్కడైతే ఇంట్లోనే ఉన్నావనుకున్నాను. బయమేసి అనలేదే. తప్పే."

నేను ఒక్కదాన్నే భయపడుతున్నానని రెండు నెలలుగా అనుకుంటున్నాను. ఆయన ఇరవై ఆరేళ్లుగా భయపడుతూ రోజూ పాలు తెచ్చాడు.

మర్నాడు ఐదింటికి ఆయన సంచీ తీసుకుంటుంటే నేనూ చెప్పులు వేసుకున్నాను. బూత్‌కి వెళ్లాం, పాలు తీసుకున్నాం, బ్రిడ్జి దాకా నడిచాం. చేతులు పమిట కొసని నలుపుతూనే ఉన్నాయి. నోట్లో ఊట ఆగలేదు. "ఇంకెంతసేపు?" అని పదిసార్లు అడిగాను. "అలగ ఆ లారీ దాటనీ," అనేవాడు. లారీ దాటాక, "ఆ కాకి ఎగరనీ," అనేవాడు. అలా కాకులతో, లారీలతో పావుగంట గడిపించాడు. పదో రోజు వచ్చేవరకూ మిగిలిన నాలుగు తెల్లవారుజాములూ అవే.

ఫలితం రోజు ఇద్దరం వెళ్లాం. డాక్టరు కాగితం చదివి, "ఇప్పటికి కేన్సరు కాదు," అన్నాడు. మారే గుణం ఉందట. చుట్ట మానితే మచ్చ తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి, మధ్యలో తేడా కనబడితే వెంటనే రావాలి. మా బావ మిగతాదంతా విన్నాడు. నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఇప్పటికి. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను, ఇప్పటికీ దాంతోనే ఉన్నాను.

చుట్ట మాని ఐదు నెలలు దాటింది. మధ్యలో ఒక్కసారి తప్పాను, మా ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు. వచ్చి ఆయనకి చెప్పాను. ముఖం ముడుచుకుని, మర్నాడు బ్రిడ్జి అవతలి కొస దాకా నడిపించాడు. మొదటి మూడు నెలల పరీక్షలో మచ్చ కొంచెం పలచబడిందన్నారు. టార్చి నా దగ్గర్నుంచి లాక్కున్నాడు. ఇంక నేను చూసుకోకూడదు. ఆదివారం ఆదివారం ఆయనే చూసి చెప్తాడు. మిగతా ఆరు రోజులూ నేను మామూలు మనిషిని. బళ్లో సంధులు, సమాసాలు చెప్పుకుంటాను, పిల్లల్ని తిట్టుకుంటాను. ఒకరోజు బ్రిడ్జి మీద ఏదో మాటకి ఇద్దరం పగలబడి నవ్వితే, అటు వెళ్తున్న ముసలాయన సైకిల్ ఆపి చూశాడు. ఆ రోజు నేను ఒక పూటంతా నా నోటి సంగతి మర్చిపోయాను. సంతోషమంటే అదేనేమో. సైన్సు టీచరమ్మకి మాత్రం చెప్పలేదు, గ్రూపులో పెట్టేస్తుంది.

ఈరోజు ఆదివారం. పొద్దున్న వీధి గుమ్మం దగ్గర లైటు వెలుతురులో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. నోరు తెరిచాను. టార్చి వేశాడు. మిగతా ఆదివారాలైతే, "ఆ, మూసీ," అని వెంటనే అనేసేవాడు. ఈరోజు అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కుడివైపు నుంచి చూశాడు, ఎడమవైపు నుంచి చూశాడు. నోరు తెరుచుకుని ఉన్నవాళ్లు ఏమీ అడగలేరు. దవడలు లాగుతున్నాయి.

"మూసీ," అన్నాడు చివరికి. "అలాగే ఉన్నాది. పద, పాలకి ఎల్దాం."

ఇరవై ఆరేళ్లు ఒక్క కనురెప్ప కూడా కదలకుండా నన్ను నమ్మించిన మనిషి. ఆ మనిషి అలాగే ఉందంటే నేనేం అనుకోవాలి? వెనకే నడిచాను. వీధి మలుపులో చూశాను, చొక్కా జేబులో టార్చి వెలుగుతూనే ఉంది. ఆర్పడం మర్చిపోయాడు.

"బావా, ఏటి కనబడినాది?"

నాలుగడుగులు వేశాడు. "వెనకాల ఒక ఎర్రసుక్క. కిందటి వారం లేదు. నా కల్లకే అలాగ అవుపించిందేటో."

"రేపే ఎల్దాం డాక్టరుకాడికి."

"ఎల్దాం," అన్నాడు, ఆ మాట నా నోటి నుంచి రావాలనే అంతసేపూ ఊపిరి బిగపట్టుకున్నట్టు. ఆయన జేబులోకి చెయ్యి పెట్టి టార్చి ఆర్పేశాను నేనే.

దొడ్లోకి వెళ్లే తలుపుకి లోపల గడియ పెట్టుకుని ఇది రాస్తున్నాను. రేపు ఆ కాగితం నింపేవాళ్లు అలవాట్లేమిటని అడిగితే, ఎంతమంది ఉన్నా సరే, అడ్డపొగ అని గట్టిగా చెప్తాను. ఆ తర్వాత ఏం చెప్తారో తెలియదు. ఆసుపత్రి తొమ్మిదింటికి తెరుస్తారు. ముందు ఐదింటికి లేచి పాలకి వెళ్లాలి.